మోటారు లేని ఊరి చప్పుళ్ళు: ఒక శ్రవ్య నాటకానికి ధ్వనుల తయారీ డైరీ

దశ 1: జాబితా, పరికరాలు

నాటకం ఆరు భాగాలు. కథాకాలం 1955–56. కథ దేవరకొండ దగ్గరి ఒక కల్పిత గ్రామంలో మొదలై, పనికోసం వలస వెళ్ళిన కుటుంబంతో పాటు నాగార్జునసాగర్ నిర్మాణ స్థలానికి చేరుతుంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన రోజు మూడో భాగంలో వస్తుంది. అప్పటికి ఇది ఇంకా హైదరాబాదు రాష్ట్రం. పొలంలో కరెంటు మోటారు లేదు, బోరు లేదు, దారిలో ఆటో లేదు. మా పనిలో కష్టమంతా ఇక్కడే ఉంది. నల్లగొండ జిల్లాలో ఈ రోజు ఏ మూల మైకు పెట్టినా వెనక ఒక మోటారు వినిపిస్తుంది.

స్క్రిప్టును వరుసగా చదువుతూ ప్రతి చప్పుడునూ పట్టికలో రాశాం. పట్టికలో గడులు ఇవి: సన్నివేశం, చప్పుడు, ఎంత దూరం నుంచి వినిపించాలి, ఎక్కడి నుంచి వచ్చింది, లైసెన్సు, ఫైలు పేరు. "దూరం" అనే గడిని వదిలేయకండి. పక్కనే మోగే ఎద్దు మెడ గంట, చేను అవతల మోగే గంట రెండు వేరు వేరు చప్పుళ్ళు. శబ్దం తగ్గించినంత మాత్రాన దగ్గరిది దూరమైపోదు.

పరికరాలు: చేతిలో పట్టే రెండు మైకుల రికార్డర్ (మా దగ్గర ఉన్నదే), బొచ్చు గాలి తొడుగు, చిన్న స్టాండు, తలకు పెట్టుకునే హెడ్‌ఫోన్లు. కంప్యూటరులో కోతలకు ఆడాసిటీ, చివరి మిక్సింగుకు రీపర్ అనే సాఫ్ట్‌వేర్లు. అన్నీ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైళ్ళు. స్టీరియోలో నిమిషానికి 17.28 మెగాబైట్లు పడుతుంది. ఐదు నిమిషాల ఊరి వాతావరణం దాదాపు 86 మెగాబైట్లు. కార్డు కొనేముందు ఈ లెక్క వేసుకోండి.

మొత్తం చప్పుళ్ళు 58. మొదటి అంచనా: నెట్‌లో దొరికేవి 34, రికార్డు చేయవలసినవి 16, చేత్తో తయారు చేయవలసినవి 8.

ఇప్పటివరకు: 58లో 0. ఖర్చు రూ. 1,420 (గాలి తొడుగు, కార్డు, బ్యాటరీలు).

దశ 2: నెట్‌లో వెతుకులాట

ముందుగా ఫ్రీసౌండ్. 2005లో బార్సిలోనాలోని పోంపెయు ఫాబ్రా విశ్వవిద్యాలయం వాళ్ళు మొదలుపెట్టిన ఉచిత ధ్వని భాండాగారం ఇది. ఇందులో ప్రతి ఫైలుకూ వేరే లైసెన్సు ఉంటుంది. మేము పెట్టుకున్న నియమాలు ఇవి:

1. సీసీ జీరో (క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల్లో హక్కులన్నీ వదిలేసినది) ఫైలును నేరుగా తీసుకోవచ్చు. అయినా పట్టికలో రాయాలి.
2. సీసీ బై ఫైలు తీసుకోవచ్చు, కానీ చేసినవారి పేరు చివరి పేర్లలో ఉండాలి. దించుకున్న వెంటనే పేరు, లైసెన్సు, తేదీ రాయాలి. తరువాత వెతికితే పేజీ ఉండకపోవచ్చు.
3. వ్యాపారేతర షరతు ఉన్నది తీసుకోం. నాటకం ఉచితమే, కానీ రేపు ఎవరైనా ప్రకటన ఇస్తే చిక్కు వస్తుంది.
4. మార్పులు చేయరాదన్న షరతు ఉన్న సంగీతం తీసుకోం. క్రియేటివ్ కామన్స్ నియమాల ప్రకారం అలాంటి పాటను కదిలే బొమ్మకు జత చేయడం కూడా మార్పు కిందికే వస్తుంది. నాటకం నుంచి తరువాత వీడియో ముక్కలు చేయాలని మా ఆలోచన.

బీబీసీ ధ్వనుల సంగ్రహంలో వేల ఫైళ్ళు ఉన్నాయి. సొంతానికి, చదువుకు, పరిశోధనకు అవి ఉచితం. వ్యాపారానికి వేరే అనుమతి కావాలి. మూడో నియమం ప్రకారం పక్కన పెట్టాం. పక్షుల కూతలకు జెనో-కాంటో చాలా మేలైనది. అక్కడి ఫైళ్ళలో ఎక్కువ భాగానికి వ్యాపారేతర షరతు ఉంది కాబట్టి వాటిని నాటకంలో వాడలేదు. మా రికార్డింగులో పడిన పిట్ట ఏదో గుర్తుపట్టడానికి మాత్రం వాటినే విన్నాం. తీతువు, జెముడు కాకి, పైడికంటె కూతల్ని అలాగే తేల్చుకున్నాం.

అసలు ఇబ్బంది లైసెన్సు దాటాక మొదలైంది. "గ్రామం, రాత్రి" అని దించిన ఫైళ్ళలో కప్పలు, కీచురాళ్ళు, పిట్టలు అన్నీ ఉన్నాయి. ఏదీ మన ఊరిది కాదు. సినిమాల ద్వారా ప్రపంచమంతా కప్ప అరుపుగా స్థిరపడిపోయిన "రిబిట్" అమెరికా పడమటి తీరంలోని పసిఫిక్ చెట్టుకప్పది. హాలీవుడ్ వాళ్ళు తమకు దగ్గరలో దొరికినదాన్ని రికార్డు చేసుకున్నారు, అదే అన్ని దేశాల రాత్రులకూ పాకింది. తొలి వానకు మన కుంటల్లో లేచే పెద్ద కప్పల బెకబెక వేరు. నెట్ నుంచి దించిన ఆ "రిబిట్" ఫైలును మా ఇంటి పెద్దవాళ్ళకు వినిపిస్తే కప్ప అని ఒప్పుకున్నారు గానీ, వాన పడిందని మాత్రం ఎవరికీ తోచలేదు. నాటకంలో ఆ అరుపు ఉండవలసింది వాన పడిందని చెప్పడానికే.

అప్పటి నుంచి పద్ధతి మార్చాం. ప్రాణం, నేల, నీరు ఉన్న చప్పుడు ఏదీ బయటి నుంచి తీసుకోవద్దు. ఇనుప తలుపు, కాగితం, అద్దం పగలడం, లాంతరు మూత, రైలు కూత వంటివి తీసుకోవచ్చు. 34లో 11 మిగిలాయి.

ఇప్పటివరకు: 58లో 11. ఖర్చు రూ. 1,420.

దశ 3: మోటారు లేని నిశ్శబ్దం

సంభాషణ వెనక పరిచే ఊరి వాతావరణాలు 9 కావాలి: తెల్లవారుజాము, మధ్యాహ్నం ఎండ, సాయంత్రం పశువులు తిరిగొచ్చే వేళ, రాత్రి, తాటివనం, అలాంటివి.

2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు వస్తోంది. రైతుకు మంచి జరిగింది. మైకుకు మాత్రం విడుపు గంటలు పోయాయి. వంతుల వారీ కరెంటు ఉన్న రోజుల్లో సరఫరా లేని వేళ చూసుకుని వెళ్తే సరిపోయేది. ఇప్పుడు ఏ అర్ధరాత్రి వెళ్ళినా ఏదో ఒక చేలో ఆటో స్టార్టర్ పడుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ హోరు 100 హెర్ట్జ్ దగ్గర, దాని రెట్టింపుల దగ్గర ఉంటుంది. దాన్ని సన్నని కోతలతో కొంత తీసేయవచ్చు. మోటారు, పైపులోంచి పడే నీళ్ళు అన్ని స్థాయిల్లోనూ పరుచుకుంటాయి కాబట్టి కోతకు లొంగవు.

ఆడాసిటీలోని నాయిస్ రిడక్షన్‌తో ప్రయత్నించాం. 6 డెసిబెల్స్ వరకు పర్వాలేదు. 12 దాటితే మోటారుతో పాటు కీచురాళ్ళు కూడా చెడి, వాటి చోట గలగలమనే కృత్రిమ ధ్వని మిగులుతుంది. ఆ ఫైళ్ళన్నీ పారేశాం. శుభ్రం చేయడం మీద పెట్టే సమయం స్థలం వెతకడం మీద పెట్టండి.

పని చేసింది గుట్ట. మన జిల్లా నిండా రాతి గుట్టలే. పొలాలకూ మైకుకూ నడుమ గుట్ట అడ్డం వచ్చేలా నిలబడితే హోరు చాలావరకు ఆగిపోతుంది. ఒకే గెయిన్‌తో (రికార్డరు శబ్దాన్ని పెంచే మోతాదు మార్చకుండా) కొలిచిన అంకెలు ఇవి. రికార్డరు పట్టగల గరిష్ఠం సున్నా, అంకె దాని కిందికి ఎంత పోతే అంత నిశ్శబ్దం:

పొలం గట్టు మీద, మోటారుకు 150 మీటర్ల దూరంలో: –38 డెసిబెల్స్.
అదే రాత్రి గుట్ట వెనక: –57 డెసిబెల్స్.

19 డెసిబెల్స్ తేడా. మైదానంలో దూరం రెట్టింపైతే తగ్గేది దాదాపు 6 మాత్రమే. అంటే గుట్ట చేసిన మేలు నడక మీద రావాలంటే కిలోమీటరు పైగా వెనక్కి వెళ్ళాలి. అంతలో ఇంకొకరి మోటారు ఎదురవుతుంది.

చివరికి చందంపేట వైపు, ఊళ్ళు పలచబడిన చోట గుట్టల వెనక పని ముగించాం. అమ్రాబాద్ పులుల అభయారణ్యం హద్దులోకి వెళ్ళలేదు, దానికి అటవీశాఖ అనుమతి కావాలి. మంచి వేళ తెల్లవారుజామున మూడున్నర నుంచి గుళ్ళో మైకు మొదలయ్యే వరకు. అనుసరించేవారికి వరుస ఇది:

1. స్టాండు నేలకు 1.2 మీటర్ల ఎత్తులో, గడ్డికి తగలకుండా పెట్టాలి.
2. గాలి తొడుగు తప్పనిసరి. దాని తరువాత కూడా 80 హెర్ట్జ్ కింద కోత వేయాలి.
3. రికార్డు నొక్కి పక్కకు తప్పుకోవాలి. చొక్కా చప్పుడు కూడా పడుతుంది.
4. కనీసం ఐదు నిమిషాలు ఉండాలి. ఒక నిమిషం ముక్కను మళ్ళీ మళ్ళీ అతికిస్తే, అదే పిట్ట అదే చోట కూసి వినేవాడికి దొరికిపోతుంది.
5. స్థలం, గంట, గాలి ఎంత ఉందో చివర్లో నోటితో చెప్పి రికార్డు చేయాలి.

తాటివనం ఇంకొక చిక్కు తెచ్చింది. ఎండిన తాటాకులు గాలికి ఒకదానికొకటి కొట్టుకుంటే రికార్డింగులో అచ్చం వాన చినుకుల్లా వినిపించాయి. చెట్టు మొదట్లో కాకుండా ముప్ఫై మీటర్ల దూరం జరిగి, ఎదురుగాలి లేని వైపు నిలబడితేనే అది గాలి అని తెలిసింది.

ఇప్పటివరకు: 58లో 20. ఖర్చు రూ. 2,320 (పెట్రోలు కలిపి).

దశ 4: మోట

మోట అంటే ఎడ్లతో తోలు సంచిని లాగించి బావి నీళ్ళు తోడే పద్ధతి. ఈ నాటకానికి ప్రాణం ఇదే, ఎక్కువ సమయం తిన్నదీ ఇదే. మోట కొట్టే బావి ఇప్పుడు ఎక్కడా మాకు కనిపించలేదు. మేము కావాలనుకున్న నాణ్యతలో రికార్డింగు నెట్‌లోనూ లేదు. పూర్తిగా కట్టుకోవలసిందే.

మొదటి తయారీలో పాత చెక్క తలుపు కిర్రుమనే చప్పుడును వేగం తగ్గించి వాడాం. సగం వేగానికి తగ్గిస్తే స్వరం ఒక స్థాయి కిందికి దిగి బరువుగా అనిపిస్తుంది. మా బృందానికి నచ్చింది. చిన్నతనంలో మోట తోలిన ఒక పెద్దాయనకు వినిపిస్తే, "ఇది తలుపు బిడ్డా, గిలక కాదు. పోయేటప్పుడు ఒక తీరు మూలుగుతుంది, వచ్చేటప్పుడు ఒక తీరు" అన్నారు. అక్కడే కూర్చుని మోట క్రమం మొత్తం చెప్పించుకుని రాసుకున్నాం.

1. ఎడ్లు వాలు బాటలో కిందికి దిగుతాయి. మోకు బిగుసుకుంటుంది. నిండిన తోలు సంచి పైకి వస్తుంటే గిలక బరువుతో నెమ్మదిగా, లోతుగా మూలుగుతుంది.
2. సంచి పైకి రాగానే తొండం (సంచికి ఉండే తోలు గొట్టం) తెరుచుకుని నీళ్ళు ఒక్కసారిగా తొట్టిలో పడతాయి. మూలుగు ఆగిపోతుంది.
3. ఎడ్లు వెనక్కి అడుగులు వేస్తూ వాలు ఎక్కుతాయి. బరువు లేని గిలక గడగడా వేగంగా తిరుగుతుంది.
4. ఖాళీ సంచి నీటి మీద చరిచినట్టు పడుతుంది. బావి లోపలి నుంచి ప్రతిధ్వని వస్తుంది. మునిగేవరకు క్షణం ఆగి, మళ్ళీ మొదటికి.

మా తలుపు చప్పుడు పోకకూ రాకకూ ఒకటే. బరువు మారడం అందులో లేదు.

పాత సామాన్ల కొట్టులో చెక్క గిలక దొరికింది. ఇరుసుతో సహా బిగించి, మోకుకు ఇసుక సంచి కట్టి లాగాం. చప్పుడు రాలేదు. ఇరుసుకు పాత నూనె పట్టి ఉంది. గుడ్డతో తుడిచి, ఎండబెట్టి, వయొలిన్ కమానుకు రుద్దే రోజిన్ పొడి చల్లాం. చెక్క ఒక క్షణం పట్టుకుని మరుక్షణం జారడం వల్లనే మూలుగు పుడుతుంది. రోజిన్ ఆ పట్టును పెంచుతుంది. నీళ్ళు తగిలితే మళ్ళీ మూగపోతుంది, కాబట్టి నీటి పని వేరుగా పెట్టుకోండి.

బరువు మార్చి చూసిన ఫలితాలు:

5 కిలోలు: సన్నని కీచు. బావి గిలక అనిపించలేదు. రాకకు పనికొచ్చింది.
20 కిలోలు: మూలుగు వచ్చింది, కానీ తెగిపోతూ వచ్చింది.
40 కిలోలు: నెమ్మదిగా, నిలకడగా, లోతుగా వచ్చింది. పోకకు ఇదే వాడాం.

మోకు విషయంలోనూ తేడా ఉంది. నైలాన్ తాడు గిలక మీద సన్నగా ఈల వేస్తుంది. కొబ్బరి పీచు మోకు గరగరలాడుతుంది. పీచుదే సరి. మైకు ఇరుసుకు 20 సెంటీమీటర్ల దూరం. రికార్డు చేసే గదిలో పంకా ఆపాలి, ఫ్రిజ్ కూడా.

నీళ్ళకు ప్లాస్టిక్ బకెట్ వాడితే చప్పుడు పలచగా, ఖంగుమంటూ వచ్చింది. మందపాటి కాన్వాసు సంచిని మడిచి, అంచు వదిలి, సిమెంటు తొట్టిలోకి ఒక్కసారిగా వంపితే తొండం నుంచి వచ్చే నీటికి దగ్గరగా వచ్చింది. తొట్టిలో ముందే నాలుగు వేళ్ళ ఎత్తు నీరు ఉండాలి. ఖాళీ తొట్టిలో పడితే వినేవాడికి సిమెంటే వినిపిస్తుంది.

ఇక బావి ప్రతిధ్వని. రీపర్‌లో దొరికే గది ప్రతిధ్వనులు గుడిలానో హాలులానో వినిపించాయి. మోటారు లేని ఒక పాడుబడిన రాతి బావి చూసి, తాడుతో మైకును సగం లోతుకు దించి, గట్టు దగ్గర బెలూను పగలగొట్టాం. ఆ పేలుడు, దాని వెంట వచ్చిన తోక కలిసిన ఫైలును రీపర్‌లోని రివెర్బ్ పనిముట్టుకు ఇస్తే ఏ చప్పుడైనా ఆ బావిలో పడినట్టు వినిపిస్తుంది. బెలూను మేం పగలగొట్టే లోపు పావురాలు లేచాయి. అవి సద్దుమణిగేవరకు ఆగాలి, లేదంటే ప్రతి చరుపులోనూ రెక్కలు వినిపిస్తాయి. గట్టు వదులుగా ఉన్న బావుల జోలికి పోవద్దు. ఒక్కరే వెళ్ళవద్దు.

ఆరు ముక్కల్నీ వరుసలో పేర్చి మళ్ళీ పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాం. నీళ్ళు పడ్డాక ఎడ్లు మళ్ళేందుకు పట్టే జాప్యం చాలదన్నారు. ఒకటిన్నర సెకను కలిపాం. ఈసారి విని తలూపారు.

ఇప్పటివరకు: 58లో 26. ఖర్చు రూ. 3,470 (గిలక 700, మోకు 250, కాన్వాసు 200).

దశ 5: రాతి పని, పేలుళ్ళు

నాగార్జునసాగర్ రాతి కట్టడం. యంత్రాలకంటే మనుషుల చేతులే ఎక్కువ పనిచేసిన చోటు. అందుకని ఉలి, సుత్తి చప్పుడే ఆ భాగాలకు నేపథ్యం. రోళ్ళు, తిరగళ్ళు చెక్కేవాళ్ళు రోడ్డు పక్కన ఇంకా ఉన్నారు. వాళ్ళ సమయానికి డబ్బు ఇచ్చి, చెట్టు కిందికి జరిగి పని చేయమని అడిగాం.

ఉలి దెబ్బ చాలా పొట్టిది, చాలా పదునైనది. మీటరు –12 దగ్గర కనిపిస్తుండగానే దెబ్బ శిఖరం సున్నాను తాకి పగిలిపోయింది. శిఖరాలు –12 దాటకుండా గెయిన్ తగ్గించి మళ్ళీ తీసుకున్నాం. 24 బిట్‌లో అంత కింద రికార్డు చేసినా తరువాత పెంచుకోవచ్చు.

వందల మంది పని చేస్తున్నట్టు వినిపించడానికి ఒకే ఫైలును కొంచెం కొంచెం జరిపి పేరిస్తే బోలుగా, గొట్టంలోంచి వచ్చినట్టు అయింది. ఒకే తరంగం తనతో తాను కలిసి కొన్ని స్వరాలను రద్దు చేసుకుంటుంది. దానికి విరుగుడు వేరు వేరు మనుషులు, వేరు ఉలులు, వేరు రాళ్ళు. 2 మీటర్ల నుంచి, 15 మీటర్ల నుంచి విడివిడిగా తీసుకున్నాం. 60 మీటర్ల నుంచి తీసుకున్నవి రోడ్డు చప్పుడుతో పోయాయి. అందుకని 15 మీటర్ల ఫైళ్ళకు పై స్వరాలు తగ్గించి దూరం చేశాం.

పేలుడు రికార్డు చేయడానికి క్వారీ దగ్గరికి వెళ్ళే ఆలోచన మొదటే వదులుకున్నాం. ఇసుక బస్తాను మిద్దె మీది నుంచి మట్టిలో పడేసి, స్వరం రెండు స్థాయిలు దించాం. హెడ్‌ఫోన్లలో గుండె అదిరింది. ఫోను స్పీకరులో అసలు వినిపించనే లేదు. చిన్న స్పీకర్లు 200 హెర్ట్జ్ కిందివి దాదాపు పలకవు, మన శ్రోతల్లో ఎక్కువమంది వినేది ఫోనులోనే. అదే పేలుడు మీద కంకర జారే చప్పుడును, 300 నుంచి 800 హెర్ట్జ్ మధ్య బలంగా ఉన్నదాన్ని, పావు సెకను ఆలస్యంగా వేశాం. ఇప్పుడు ఫోనులోనూ తెలుస్తోంది.

ఇప్పటివరకు: 58లో 34. ఖర్చు రూ. 3,970.

దశ 6: చిన్న చప్పుళ్ళు

ఇవి 19. వీటిలో చెప్పవలసినవి కొన్నే.

వాన: దొరికిన వానలన్నీ రేకు మీదో తారురోడ్డు మీదో పడ్డవి. మాకు కావలసింది తాటాకు కప్పు మీద పడేది. చాటలోంచి నూకలను ఎండు తాటాకు మీదికి సన్నగా జార్చి, అడుగున ఇసుక జారే చప్పుడు కలిపాం. బియ్యం వాడితే చినుకు మరీ పెద్దదైంది.

ఎడ్ల బండి: ఇప్పటి బండ్లకు రబ్బరు చక్రాలు. ఇనుప పట్టా చప్పుడు కోసం కంకర మీద ఇనుప రింగును బరువు పెట్టి దొర్లించి, పైన గిలక ఫైళ్ళలోని 20 కిలోల మూలుగు కలిపాం. పనికిరాదని పక్కన పెట్టిన ఫైలు ఇక్కడ కుదిరింది. ఏదీ చెరపవద్దు.

ఎద్దు అడుగులు: కొబ్బరి చిప్పలు గట్టి నేల మీద గుర్రాన్ని తలపిస్తాయి. మట్టి బాట మీద ఎద్దు నడక కావాలంటే చిప్పలకు గుడ్డ చుట్టి, గోనెలో నింపిన మట్టి మీద నొక్కినట్టు కొట్టాలి.

విసుర్రాయి: నిజమైనదే రికార్డు చేశాం. లోపల జొన్నలు ఉండాలి. ఖాళీ రాయి తిప్పితే వేరే చప్పుడు, రాయి కూడా పాడవుతుంది.

ఇప్పటివరకు: 58లో 53. ఖర్చు రూ. 4,350.

దశ 7: డప్పు, మోట పాట

సంగీతం మూడే చోట్ల ఉంది. రెండు డప్పు దరువులు, ఒక మోట పాట.

డప్పును మంట దగ్గర కాచి చర్మం బిగిస్తారు. చల్లబడే కొద్దీ స్వరం దిగుతుంది. పావుగంట తేడాతో తీసుకున్న రెండు ముక్కలను అతికిస్తే అతుకు దగ్గర స్వరం పడిపోయింది. తరువాత రెండు డప్పులు పెట్టుకున్నాం. ఒకటి వాయిస్తుండగా ఇంకొకటి కాగుతుంది. పొడవైన దరువు మొదట, చిన్నవి తరువాత. గదిలో తీసుకున్నది గోడల హోరుతో బురదగా మారింది. ఆరుబయట 3 మీటర్ల దూరం నుంచి తీసుకుంటే డప్పు వాయించే రెండు పుల్లలు, సిర్ర దెబ్బ, చిటికెన పుల్ల దెబ్బ విడివిడిగా వినిపించాయి.

కిన్నెర అనే తీగల వాయిద్యం కూడా అనుకున్నాం. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చాక పన్నెండు మెట్ల కిన్నెర గురించి అందరికీ తెలిసింది. నెట్‌లో వీడియోలు ఉన్నాయి, వాటి నుంచి ముక్క తీసుకోవడం తప్పు. కీబోర్డు మీద కిన్నెరను అనుకరించడం నాకు ఇష్టం లేదు. ఆ సన్నివేశాన్ని సంగీతం లేకుండానే ఉంచాం.

హక్కుల గురించి: పాట జానపదమైనా పాడినవారికి ఆ ప్రదర్శన మీద హక్కు ఉంటుంది. మన చట్టంలో అది 50 ఏళ్ళు. రికార్డింగు మీద హక్కు విడుదలైన మరుసటి సంవత్సరం మొదటి నుంచి 60 ఏళ్ళు. 1964లో విడుదలైన రికార్డుకు ఆ గడువు 2024 చివరితో తీరింది. అయినా పాట రాసినవారి, బాణీ కట్టినవారి హక్కులు వేరుగా ఉంటాయి, అవి వారి మరణానంతరం 60 ఏళ్ళు. పాత పాట గదా అని వాడేయకండి.

కాగితం మీద మేము రాయించుకున్నవి:

1. ఎవరు, ఏ రోజు, ఏది పాడారు లేదా వాయించారు.
2. ఏ నాటకానికి. వేరే చోట వాడాలంటే మళ్ళీ అడగాలి.
3. ఎంత డబ్బు, అందిందా లేదా.
4. చివరి పేర్లలో తమ పేరు ఎలా ఉండాలి.

సంతకానికి ముందు కాగితాన్ని తెలుగులో చదివి వినిపించాం.

మోట పాట పెద్దాయనే పాడారు. తాళం యంత్రం ఇస్తే పాట బిగుసుకుపోయింది. ఆ పాట ఎద్దు నడకతో సాగుతుంది, నీళ్ళు పడేచోట ఆగుతుంది. అందుకని పాటను ముందు పాడించి, గిలకను, నీటిని, అడుగులను దాని ప్రకారం జరిపాం.

ఇప్పటివరకు: 58లో 56. ఖర్చు రూ. 10,350 (కళాకారులకు 6,000).

దశ 8: కలపడం

మొత్తం స్థాయి –16 ఎల్‌యుఎఫ్‌ఎస్ (చెవికి ఎంత బిగ్గరగా అనిపిస్తుందో చెప్పే కొలత), శిఖరం –1 దాటకుండా. వాతావరణం సంభాషణకు 20 డెసిబెల్స్ కింద మొదలుపెట్టాం. హెడ్‌ఫోన్లలో బాగుంది, నల్లగొండ నుంచి హైదరాబాదు పోయే బస్సులో వింటే ఊరే మాయమైంది. 16కు తెచ్చాం. మోట ఉన్న సన్నివేశాల్లో సంభాషణను గిలక రెండు మూలుగుల నడుమకు జరిపాం. శబ్దం తగ్గించడం కంటే మాటకు చోటు చూపించడం మేలనిపించింది.

లెక్క చివరికి ఇలా తేలింది: నెట్ నుంచి 11, రికార్డు చేసినవి 25 (రాబోయే రెండింటితో కలిపి), చేత్తో తయారు చేసినవి 22.

మిగిలినవి రెండు: తొలి వాన తరువాతి కప్పలు, వరద వచ్చిన వాగు. రెండింటికీ వానాకాలం రావాలి. కప్పలకు ఊరికి దూరంగా గుట్ట వెనక ఒక కుంట చూసి పెట్టాం, చుట్టుపక్కల మోటార్లు ఎక్కడెక్కడ ఉన్నాయో గీసుకున్నాం. అప్పటివరకు ఐదో భాగం ఆగి ఉంటుంది, మిగతా ఐదు భాగాల తుది మిక్సింగు నడుస్తోంది.